ముత్తాత పైపు కాదు, తాత పైపు

మన ఇంటి గాజు బీరువాలో, అవ్వ కుంకుమ భరిణె పక్కన ఒక పైపు వుంది. పొగాకు తాగే పైపు. దాని కథ మన ఇంట్లో తెలియనివాళ్లు లేరు. కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్‌లో ముత్తాత మేస్త్రీగా వుండగా ఒకరోజు లోపల బండ పేలింది. దుమ్ములో దారి తెలియక నిలబడిపోయిన దొరను ముత్తాత చెయ్యి పట్టుకొని పైకి తెచ్చినాడు. దొర తన వెండి పైపు తీసి ముత్తాత చేతిలో పెట్టి, "ఇది నీది" అన్నాడు. 1930 ప్రాంతంలో జరిగిందని చెప్పేవాళ్లు. ముత్తాత 1944లో పోయినాడు.

పెండ్లిచూపులకు వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చినాక చూపించే వస్తువు అది. "దొర మెచ్చిన ఇల్లు" అని మనకొక పేరు. మూడేండ్ల కిందట నేనే ఇక్కడ ఆ కథను వున్నది వున్నట్టు రాసినాను. ఇప్పుడు దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. ఎందుకు సరిదిద్దుతున్నానో, ఎట్లా తెలిసిందో వరుసగా చెప్తాను. కోపం వచ్చినవాళ్లు కూడా చివరిదాకా చదవమని మనవి.

ముందు ఆ పైపు ఏమిటో చూద్దాం.

పాతకాలపు ఐరోపాలో పైపులంటే ఎక్కువగా మట్టివే. చవక, కానీ చేతికి కాలేవి, కింద పడితే పగిలేవి. డబ్బున్నవాళ్లకు మీర్షామ్ అనే తెల్లటి మెత్తని రాతితో చెక్కినవి వుండేవి. ఆ రాయి ముఖ్యంగా టర్కీలోని ఎస్కిషెహిర్ నుంచి వచ్చేది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో వీటి స్థానంలోకి ఒక చెట్టు వచ్చింది. దాని శాస్త్రీయ నామం ఎరికా అర్బోరియా. మధ్యధరా సముద్రం చుట్టూ, కోర్సికా, ఇటలీలోని కలాబ్రియా, గ్రీసు, అల్జీరియా కొండల్లో పెరిగే పొద అది. ఫ్రెంచివాళ్లు బ్రుయేర్ అంటారు. ఇంగ్లీషువాళ్ల నోట అదే బ్రయర్ అయింది.

ఆ పొదకు కాండం, వేర్లు కలిసేచోట భూమిలో దుంపలాంటి గట్టి బొడిపె వుంటుంది. అడవి కాలిపోయినా బొడిపె చావదు, దాంట్లోంచి మళ్లీ చిగురు వస్తుంది. నిప్పుకు అంత తట్టుకుంటుంది కాబట్టే పైపు గిన్నెకు పనికొచ్చింది. బొడిపెను తవ్వి తీసి, ఎండి పగలకుండా తడిగా వుంచి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్లలో వుడకబెడతారు. వగరు దిగిపోవాలి కదా. తర్వాత నెలలు, కొన్నిసార్లు ఏండ్లు నీడలో ఆరబెడతారు. ఇంత పని అయినాకే అది పైపు చేసేవాడి చేతికి వస్తుంది.

ఈ పనికి పేరుపడ్డ వూరు సేంట్ క్లోడ్. ఫ్రాన్సులో జూరా కొండల నడుమ వుంది. అక్కడివాళ్లు అంతకుముందునుంచే కొయ్యతో జపమాలలు, చిన్న చిన్న సామాన్లు తరిమెన పట్టి యాత్రికులకు అమ్మేవాళ్లు. మన కొండపల్లి, ఏటికొప్పాక మాదిరి వూరనుకోండి. 1850ల తర్వాత బ్రయర్ చేతికి దొరికేసరికి వూరు వూరంతా పైపుల పనిలోకి దిగింది. ఆ వూరి కోమోయ్ కుటుంబంలోని హెన్రీ కోమోయ్ 1879లో లండన్ వెళ్లి అక్కడ పైపుల పని మొదలుపెట్టినాడు. "లండన్ పైపు" అని గొప్పగా చెప్పుకునే సరుకులో ఒక భాగం అట్లా ఫ్రెంచి పల్లె చేతిపని. మనకు తెలిసిన కథే కదా. వూరు మారుతుంది, పని చేతిలోనే వుంటుంది.

ఇక మన పైపు. వంకర కాడ, గిన్నె గుండ్రం. కాడ చివర మెరిసే లోహపు పొన్ను, రోకలికి వేసే పొన్ను మాదిరి. నోట్లో పెట్టుకునే ముక్క నల్లటి వల్కనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. మనది ఇప్పుడు నలుపు పోయి ముదురు గోధుమరంగుకు తిరిగింది. ఎండ తగిలితే, చాలా ఏండ్లు అట్లే వుంటే వల్కనైట్‌కు అట్లాగే అవుతుంది. రుద్దితే కొంచెం గంధకం వాసన కూడా వస్తుంది. ఆ ముక్కలో పొగ వచ్చే రంధ్రం చివరన కాదు, పైభాగాన వుంది. పొగ నాలుక మీద పడకుండా అంగుడి వైపు పోవాలని అట్లా చేసినారు. కాడ లోపల, పొన్ను కింద, తేమ చేరడానికి ఒక చిన్న గుంట కూడా వుంది.

ఈ రెండు గుర్తులతోనే పైపు ఎవరిదో తెలిసిపోయింది. ఇది డబ్లిన్ నగరపు పీటర్సన్ పైపు. నూరెంబర్గ్ నుంచి వచ్చిన కాప్ సోదరులు 1865లో డబ్లిన్ గ్రాఫ్టన్ వీధిలో అంగడి పెట్టినారు. లాట్వియా నుంచి వచ్చిన చార్లెస్ పీటర్సన్ అనే పనివాడు తర్వాత వాళ్లతో కలిసినాడు. తేమ గుంట వున్న పైపుకు 1890లో, పైకి రంధ్రం వున్న నోటిముక్కకు 1898లో పేటెంట్లు వచ్చినాయి. మన పొన్ను మీద వున్న రెండు ఇంగ్లీషు అక్షరాలు, కె, పి, కాప్ అండ్ పీటర్సన్ అన్న పేరుకు పొడి.

అంతవరకు బాగానే వుంది. దొర ఇంగ్లీషువాడైనా పైపు ఐరిష్‌ది కాకూడదని ఏమీ లేదు.

చిక్కంతా ముద్ర దగ్గర వచ్చింది. అవ్వ ప్రతి ఉగాదికీ ఆ పైపును చింతపండుతో తోమేది. కొయ్య మీద కూడా ఆ తడిగుడ్డే. అందుకే కాడ పక్కన వున్న ముద్ర సగం అరిగిపోయి, గీతలేమో అనుకునేవాళ్లం. పోయిన వానాకాలం ఒక రాత్రి టార్చి పక్కనుంచి వేసి, భూతద్దంతో చూస్తే మూడు వరుసలు కనిపించినాయి. "మేడ్ ఇన్ ద", దాని కింద "రిపబ్లిక్", దాని కింద "ఆఫ్ ఐర్లండ్".

ఈ మూడు వరుసలు ఎందుకంత పెద్ద సంగతో చెప్తాను. సరుకు మీద దేశం పేరు వేయడమనేది వ్యాపార చట్టాల వల్ల వచ్చింది. బ్రిటన్‌లో 1887 నాటి సరుకు ముద్రల చట్టం, అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం వచ్చినాక ఎగుమతి సరుకు మీద దేశం పేరు కొట్టడం మామూలైంది. ఐర్లండ్ విషయంలో ఆ దేశం పేరే మారుతూ పోయింది. 1922 దాకా అది బ్రిటన్‌లో భాగం. 1922 డిసెంబరులో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడింది. 1937 డిసెంబరు చివర్లో కొత్త రాజ్యాంగంతో దేశం పేరు ఐర్ అయింది, ఇంగ్లీషులో అయితే ఐర్లండ్. 1949 ఏప్రిల్ 18న రిపబ్లిక్ అయి, కామన్‌వెల్త్ నుంచి బయటికి వచ్చింది. ఆ చట్టం 1948 చివర్లో చేసినారు. పీటర్సన్ పైపుల మీద ముద్ర కూడా దీని వెంబడే మారింది. లేని దేశం పేరు ఎవరూ కొయ్య మీద కొట్టరు కదా. కాబట్టి "రిపబ్లిక్ ఆఫ్ ఐర్లండ్" అని వున్న పైపు 1930లో వుండే వీలు లేదు. 1944లో పోయిన ముత్తాత దాన్ని చూసి వుండడు.

నేను ఒక్క ముద్ర చూసి తీర్పు చెప్పలేదు. అప్పటికే నాకు పాత పైపుల పిచ్చి పట్టి ఎనిమిదేండ్లు. తాగడానికి కాదు, చూడటానికి. రాబర్ట్‌సన్‌పేట పాతసామాను అంగళ్లలో, బెంగళూరు సండే బజార్‌లో కొన్న పదకొండు వున్నాయి. వాటిని బల్ల మీద వరుసగా పెట్టి మన పైపును పక్కన పెట్టినాను.

ఒకటి పీటర్సన్‌దే, దాని మీద "ఐరిష్ ఫ్రీ స్టేట్" అని చిన్న అక్షరాలు వున్నాయి. అంటే 1922, 1937 మధ్యది. మన కథ నిజం కావాలంటే మన పైపు మీద వుండాల్సిన మాట అది. రెండు ముద్రల అక్షరాలు, కొట్టిన తీరు, వేరే వేరే.

రెండోది ఇంగ్లండ్‌ది, కాడకు వెండి పొన్ను. వెండి అసలుదైతే దాని మీద పరీక్షశాల గుర్తులు వుంటాయి. నడిచే సింహం అంటే స్టెర్లింగ్ వెండి. చిరుతపులి తల అంటే లండన్, లంగరు అంటే బర్మింగ్‌హామ్. వాటి పక్కన ఏడాదికొక అక్షరం. లండన్‌లో 20 అక్షరాల వరుస 1916లో మొదలై 1935తో అయిపోతే, 1936లో అక్షరం తీరు మార్చి మళ్లీ ఏ నుంచి మొదలుపెట్టినారు. బర్మింగ్‌హామ్‌ది 25 అక్షరాల వరుస, 1900లో, 1925లో, 1950లో కొత్తగా మొదలైంది. కాబట్టి అక్షరం ఒక్కటే చూస్తే చాలదు, దాని తీరు, చుట్టూ వున్న గడి ఆకారం కూడా చూడాలి. ఇంకొకటి, పొన్ను మీది ఏడాది పొన్నుకే చెల్లుతుంది. విరిగిన పాత కాడకు తర్వాత పొన్ను వేయించి వుండొచ్చు.

మూడోది నాది కాదు, బెంగళూరు స్నేహితునిది, ఒక సాయంత్రం చూడనిచ్చినాడు. డన్‌హిల్ పైపు. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్ డ్యూక్ వీధిలో పొగాకు అంగడి తెరిచినాడు. నోటిముక్క మీద తెల్లచుక్క ఆ కంపెనీ గుర్తు. దాని ముద్ర చివర చిన్న అంకె ఒకటి వుంటుంది, అది ఏడాదిని చెప్తుంది. కానీ అదే అంకె కొన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ వస్తుంది. అప్పుడు పేటెంటు నంబరు వుందా, 1950ల మొదట్లో వచ్చిన సున్నాలోని సైజు అంకె వుందా అని చూసి తేల్చుకోవాలి. ఒక్క గుర్తు ఎప్పుడూ చాలదని నాకు బాగా తెలియజెప్పింది ఆ పైపే.

మళ్లీ మన పైపు దగ్గరికి వస్తే, ఇంకో గుర్తు కూడా కథకు అడ్డం వచ్చింది. పొన్ను మీద మూడు చిన్న బొమ్మలు వున్నాయి. ఒక ఆకు, ఒక జంతువు, ఒక బురుజు. వాటిని చూసే మనవాళ్లు "వెండి ముద్రలు" అన్నారు. డబ్లిన్ పరీక్షశాల గుర్తులు అవి కావు. అక్కడ కిరీటం వున్న వీణ, హైబర్నియా అనే కూర్చున్న స్త్రీమూర్తి, ఏడాది అక్షరం వుంటాయి. మూడాకుల షామ్రాక్, కుక్కలాంటి జంతువు, రాతి బురుజు అనేవి పీటర్సన్‌వాళ్లు నికెల్ పొన్నుల మీద వేసుకున్న సొంత అలంకారం. దూరం నుంచి చూస్తే వెండి గుర్తుల మాదిరే వుంటాయి. మన వెండి పైపు నికెల్ పైపు. అవ్వ ఇన్నేండ్లు చింతపండుతో తోమింది నికెల్‌ను.

పెద్దనాయనకు ఈ సంగతి ఫోన్‌లో చెప్పినాను. కొంతసేపు మాట రాలేదు. తర్వాత, "అంటే మా తాత అబద్ధం చెప్పినాడంటావా? దొరలు ముద్ర తప్పు కొట్టి వుండకూడదా?" అన్నారు. నేను "తాత అబద్ధం చెప్పినాడని నేను అనలేదు పెద్దనాయనా, ఈ పైపు ఆయనది కాదు అంటున్నా" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేసినారు. నెల రోజులు మాట్లాడలేదు. ఆ నెల నాకు ఆ ముద్ర చూడకుండా వుండివుంటే బాగుండేదనిపించింది. ముసలాయన ఎనభై ఏండ్లు నమ్మింది నేను టార్చి వేసి తీసేసినాను.

దారి చూపించింది అత్త. ఆమెకు ఇప్పుడు 84. "పైపా? అది మా నాయన కొన్నది కదరా. దొరలు పోయేటప్పుడు బంగళాల సామాన్లు వేలం వేసినారు. మా నాయన ఒక కుర్చీ, ఒక పెట్టె తెచ్చినాడు. పెట్టెలో వుండింది" అని చెప్పింది. మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరెవరూ అడగలే" అన్నది.

ఆ కుర్చీ ఇప్పటికీ మన వరండాలో వున్నదే. తాత గనుల స్టోర్స్‌లో గుమాస్తా. ఆయన లెక్కల పుస్తకాలు రెండు పెద్దనాయన ఇంటి అటక మీద వున్నాయి. ఒక దాంట్లో, పైభాగం చెదలు తిన్న పేజీలో, ఇట్లా వుంది: "కుర్చీ 1, పెట్టె పైపుతో సహా 1, మొత్తం రూ. 14-8-0." తేదీ చెదల పాలైంది. కానీ లెక్క రూపాయి, అణా, పైసల్లో వుంది. మనకు నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చినాయి. అలవాటు కొద్దీ తర్వాత కూడా కొన్నాళ్లు అణాల్లో రాసినవాళ్లు వుంటారు, అయినా ఎక్కువ దూరం పోదు. పైపు ముద్ర 1949కి ముందు కాదంటుంది. లెక్క 1957 తర్వాత ఎక్కువ కాదంటుంది. 1880 నుంచి గనులు నడిపిన జాన్ టేలర్ కంపెనీ చేతిలోంచి మైసూరు ప్రభుత్వం వాటిని తీసుకున్నది 1956లో. దొరలు బంగళాలు ఖాళీ చేసిన కాలం అది. మూడూ ఒక్కచోటికి వస్తున్నాయి.

తాత దాన్ని ఎందుకు కొన్నాడో చెప్పలేను. మన ఇంట్లో పైపు తాగినవాళ్లు లేరు. ముత్తాత తాగింది చుట్ట, చివరికి ఆ దగ్గుతోనే పోయినాడు. పైపు గిన్నెలో మాత్రం మందమైన బొగ్గుపొర వుంది, నోటిముక్క మీద పంటిగాట్లు వున్నాయి. పేరు తెలియని ఆ దొర దాన్ని బాగా వాడినాడు. దాంట్లో ఏం పొగాకు తాగినాడో తెలియదు గానీ, ఆ కాలపు బ్రిటిష్ పైపు పొగాకులో మన తెలుగు నేల ఆకు చాలానే వుండేది. 1912లో పెట్టిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు కేంద్రంగా ఆకు కొనేది. 1920ల నుంచి ఆ నల్లరేగడిలో వర్జీనియా రకం పెరిగింది. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్య దేశాల పొగాకు మీద సుంకం తగ్గించింది. అక్కడి సిగరెట్లవాళ్లు అమెరికా ఆకునే కోరుకునేవాళ్లు కాబట్టి సామ్రాజ్యపు ఆకు ఎక్కువగా పైపు మిశ్రమాల్లోకి పోయేది. మధ్యధరా కొండల దుంప, జర్మన్ల అంగడి, లాట్వియావాని తెలివి, ఐర్లండ్ ముద్ర, గుంటూరు ఆకు. మనం మాత్రం "ఇంగ్లీషు దొర పైపు" అని ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.

మరి బండ పేలిన కథ? ఛాంపియన్ రీఫ్‌లో బండలు పేలడం నిజం. ఆ గని దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకు పోయింది, లోతు పెరిగేకొద్దీ రాతి మీద ఒత్తిడి పెరిగి అట్లా పేలేది, మనుషులు పోయేవాళ్లు. ముత్తాత అక్కడ మేస్త్రీ అన్నది కూడా నిజం. ఎవరినో చెయ్యి పట్టుకొని తెచ్చివుండొచ్చు, అది దొర కావచ్చు, మనవాడే కావచ్చు. కథకు సాక్ష్యంగా పెట్టిన వస్తువు మాత్రం దానిది కాదు. ముత్తాత పోయిన పది పన్నెండేండ్లకు ఇంట్లోకి వచ్చిన పైపు ఎప్పుడో ఆయన కథకు అతుక్కుంది. ఎవరూ కావాలని అతికించి వుండరు. పిల్లలు "ఇదేనా ఆ పైపు?" అని అడిగివుంటారు, పెద్దలు "ఆ, ఇదే" అనివుంటారు.

నెల తర్వాత పెద్దనాయన తనే ఫోన్ చేసినారు. లెక్కల పుస్తకం పేజీ చూసినానన్నారు. "మా నాయన చేతిరాతే" అన్నారు. కొంచెం ఆగి, "అప్పట్లో ఆయన జీతానికి పద్నాలుగున్నర తక్కువ డబ్బు కాదు. దొర కుర్చీలో కూర్చోవాలనుకొని వుంటాడు" అన్నారు.

నాకు ఆ మాట నచ్చింది. ఇన్నేండ్లు మనం దొర ఇచ్చిన వస్తువు అని గర్వపడినాం. అది మన తాత, దొరలు మూటాముల్లె సర్దుకొని పోతున్న రోజున, తన జీతం డబ్బుతో వేలంలో పాడి కొన్నది. ఇది తక్కువ కథ కాదు.

బీరువాలో చీటీ మార్చినాను. "పీటర్సన్ పైపు, నికెల్ పొన్ను, 1949 తర్వాతిది, తాత కొన్నది" అని రాసిపెట్టినాను. ముత్తాత కథను వేరే కాగితం మీద రాసి, ఎవరు ఎవరికి చెప్పినారో పేర్లతో పెట్టెలో పెట్టినాను.

మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి దొర గడియారమో, దొరసాని పింగాణీ గిన్నెలో వుండొచ్చు. తోమకముందు తిప్పి అడుగు చూడండి. ముద్ర వుంటే ఫోటో తీసిపెట్టుకోండి, ఎందుకంటే ఎక్కువ తోమితే అరిగిపోయేది మొదట అదే. ఇంట్లో ఎనభై దాటిన అత్తో అవ్వో వుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చొని అడగండి. మా అత్తకు అరవై ఏండ్లకు పైగా తెలుసు. మేమే అడగలేదు.